పాత ప్రాసెసర్ నడవని కొత్త బోర్డు కొనకండి

ప్రశ్న: మాది మాచర్ల. మా ఆయన పెళ్లి ఫొటోలు తీస్తారు, ఆల్బమ్ డిజైనింగ్ నేను చూసుకుంటాను. మా కంప్యూటర్ 2018లో కొన్నది. రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, ఏ320 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఆర్నెల్లుగా రెండో స్లాట్‌లో ర్యామ్ పెడితే కంప్యూటర్ ఆన్ కావడం లేదు. ఒక్క స్టిక్కుతోనే నెట్టుకొస్తున్నాను. ఫొటోషాప్‌లో ఒక షీట్ సేవ్ అయ్యేలోపు కాఫీ పెట్టుకుని రావచ్చు. విండోస్ 11 కూడా ఎక్కదంటోంది. షాపతనేమో, "ఇప్పుడు ఏ520 బోర్డు వేసుకోండి, 5,200 అవుతుంది. పాత ప్రాసెసర్ దాని మీదే నడుస్తుంది. మాఘమాసం పెళ్లిళ్ల డబ్బు రాగానే 12,500 పెట్టి 5600జీ ప్రాసెసర్ వేద్దాం" అన్నాడు. బీ450 బోర్డు 6,300, బీ550 అయితే 8,900 అట. హైదరాబాద్‌లో ఉండే మా మరిది, "అవన్నీ పాతబడిపోయాయి వదినా, ఏఎం5 తీసుకో" అంటున్నాడు. ఇప్పుడు చేతిలో 8,000 ఉన్నాయి. మొత్తం మీద 22,000 దాటలేను. ఏ బోర్డు కొనమంటారు?

జవాబు: అమ్మా, షాపులో ఇంకా డబ్బు కట్టలేదు కదా. మంచి పని చేశారు. మీ 2200జీ ఏ520 బోర్డులు తీసుకునే ప్రాసెసర్ల జాబితాలో లేదు. షాపతను చెప్పిన మాటలో సగం నిజం: 5600జీ ఏ520 మీద చక్కగా నడుస్తుంది. కానీ మాఘమాసం దాకా పాత ప్రాసెసర్‌తో లాక్కొద్దామన్న మిగతా సగం దగ్గరే మీరు ఇరుక్కుంటారు.

ఇందులో ఆయన మోసం ఏమీ ఉండకపోవచ్చు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, ఎందుకంటే చూడ్డానికి రెండూ ఒకటే. 2017లో వచ్చిన మొదటి రైజెన్ల దగ్గర్నుంచి 5000 సిరీస్ దాకా ఏఎండీ ఒకే సాకెట్ వాడింది, దాని పేరు ఏఎం4. 1331 పిన్నులు, అదే ఆకారం. మీ 2200జీని ఏ520 సాకెట్‌లో పెడితే చక్కగా కూర్చుంటుంది, లివర్ కూడా పడుతుంది, ఫ్యాను తిరుగుతుంది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. 2020లో బీ550, ఏ520 చిప్‌సెట్లు తెచ్చినప్పుడు ఏఎండీ 1000, 2000 సిరీస్ ప్రాసెసర్లను వాటి జాబితాలోంచి వదిలేసింది. ప్రాసెసర్‌ను గుర్తుపట్టాల్సింది బయోస్, అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం. అందులో పేరు లేకపోతే సాకెట్‌లో పట్టినా ప్రయోజనం లేదు. ఎక్కడో ఒకటీ అరా బోర్డు మీద లేచిందని ఎవరైనా చెప్పవచ్చు, ఆ మాట నమ్ముకుని పెళ్లిళ్ల సీజన్‌లో 5,200 పెట్టకండి.

ఇక మీరు అడగని విషయం ఒకటి. అసలు మీకు బోర్డు కావాలా? ఆ రెండో స్లాట్ నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకుందాం. ఖర్చు లేని పని, అరగంట చాలు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. రెండు స్టిక్కులూ తీసి, కింద వరసగా ఉండే బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. నల్లగా వస్తుంది, భయపడొద్దు. రబ్బరు పొట్టు పూర్తిగా దులిపేయండి. స్లాట్ లోపల పొడి పెయింటింగ్ బ్రష్‌తో ఊడ్వండి. మీ వైపు నాపరాళ్ల దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు రోజూ నడుస్తున్న స్టిక్కును ఒక్కదాన్నే రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. ఆన్ అయితే స్లాట్ బాగుంది. వాడకుండా పక్కన పెట్టిన స్టిక్కును కూడా అలాగే పెట్టి చూడండి, దానితో లేవకపోతే ఆ స్టిక్కే పాడైంది. చాలా కంపెనీలు ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి కాబట్టి, పాడైన స్టిక్ పారేయకుండా దాని మీద సీరియల్ నంబరుతో అడిగి చూడండి.

ఆన్ కాకపోయినా వెంటనే బోర్డు మీద నేరం మోపకండి. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ఈ కాలంలో ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ప్రాసెసర్ కింద ఒక్క పిన్ను వంగినా, కూలర్ ఒక పక్కకే గట్టిగా బిగిసినా, ఒక స్లాట్ మొత్తం చచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి ప్రాసెసర్ తీసి చూసుకోవాలి. ఎలా తీయాలో చివర్లో చెబుతాను, అది చదవకుండా మాత్రం కూలర్ మీద చెయ్యి వేయకండి.

స్లాట్ బతికే ఉందని తేలితే బోర్డు, ప్రాసెసర్ ఖర్చులో మూడో వంతు తగ్గినట్టే. 5000 సిరీస్‌ను (5600జీ అందులోదే) ఏ320 బోర్డుల మీద కూడా నడపడానికి ఏఎండీ 2022లో దారి తెరిచింది. మీ బోర్డు పేరు దాని మీదే పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది చూసి రాసుకోండి. పక్కన చిన్నగా రెవిజన్ నంబరు ఉంటే అది కూడా. తయారీ కంపెనీ సైట్‌లో ఆ పేరుతో వెతికి, సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. 5600జీ పక్కన ఏ బయోస్ వెర్షన్ రాసి ఉందో ఆ వెర్షన్ ఎక్కిస్తే మీ పాత బోర్డే కొత్త ప్రాసెసర్‌ను తీసుకుంటుంది. కొన్ని బోర్డులకు మధ్యలో ఇంకో వెర్షన్ మీదుగా వెళ్లాలి, ఆ సంగతి డౌన్‌లోడ్ పేజీలోనే రాస్తారు, చదవండి. ఈ పని యూపీఎస్ మీదే చేయాలి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే ఉన్న బోర్డు కూడా పోతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకోండి గానీ సాహసం చేయొద్దు.

ఇప్పుడు స్లాట్ నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడు నా మాట బీ450, అందులోనూ నాలుగు ర్యామ్ స్లాట్లున్నది.

బీ450 మీ 2200జీనీ తీసుకుంటుంది, బయోస్ సరిపడా ఉంటే 5600జీనీ తీసుకుంటుంది. రెండు విడతలుగా కొనాలనుకునే మీకు సరిపోయే బోర్డు అదే. ఇప్పుడు 6,300 పెట్టి బోర్డు మార్చి, పాత ప్రాసెసర్‌తోనే రెండు ర్యామ్ స్టిక్కులూ పెట్టుకుని పని సాగించవచ్చు. మాఘమాసం అయ్యాక ప్రాసెసర్ ఒక్కటి మారుస్తారు. పాత స్టాక్ బీ450లో పాత బయోస్ ఉండొచ్చు. అప్పుడు కొత్త ప్రాసెసర్ పెడితే లేవదు. చాలామంది ఇక్కడ ఆగిపోయి, ఎవరి దగ్గరైనా పాత రైజెన్ దొరుకుతుందా అని తిరుగుతారు. మీ దగ్గర ఆ పాత రైజెన్ ఉండనే ఉంది. దాన్ని పెట్టి ఆన్ చేసి, బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత మార్చుకుంటారు. కొనేముందు షాపులోనే ఫోన్‌లో ఆ బోర్డు సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరిపించి, 2200జీ, 5600జీ రెండు పేర్లూ మీ కళ్లతో చూడండి.

నాలుగు స్లాట్లు ఎందుకంటున్నానో మీ పనిలోంచే చెబుతాను. మీరు చేసే 12×36 షీట్ 300 డీపీఐలో 10,800 పిక్సెళ్ల పొడవు, 3,600 పిక్సెళ్ల ఎత్తు. అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన షీట్ నిండా ఉన్న ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, దాని మీద పూల డిజైన్, పది ఫొటోలు, మాస్కులు, షాడోలు, వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ, ఇవన్నీ కలిస్తే జీబీలు దాటిపోతుంది. 8 జీబీలో విండోస్ తినగా, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తన వాటా పట్టుకోగా మీకు మిగిలేది కొంచెమే. అది నిండగానే ఫొటోషాప్ డిస్క్ మీద రాయడం మొదలుపెడుతుంది. మీ కాఫీ టైమ్ అంతా అక్కడే పోతోంది. (ఫొటోషాప్ అలా రాసుకునే చోటు, అంటే స్క్రాచ్ డిస్క్, హార్డ్‌డిస్క్ మీద పెట్టి ఉంటే ఈ రోజే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఎస్‌ఎస్‌డీకి మార్చండి. అందులో ఖాళీ ఉండాలి, పూర్తయిన పాత ఆల్బమ్‌లు హార్డ్‌డిస్క్‌లోకి తోసేయండి. ఏమీ కొనకుండానే కొంత తేడా తెలుస్తుంది.)

రెండు స్టిక్కులు పెడితే 16 జీబీ అవడం ఒక లాభం. ఇంకో లాభం, ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి రెండింతలు వెడల్పవుతుంది. 2400 వేగం ఉన్న ఒక్క స్టిక్ సెకనుకు 19.2 జీబీ అందిస్తే, రెండు కలిసి 38.4 అందిస్తాయి. మీకు వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, స్క్రీన్ మీద కనిపించేదంతా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. జూమ్ చేసినప్పుడు, షీట్ పక్కకు జరిపినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. రేపు 32 జీబీ కావాలంటే ఇంకో రెండు 8 జీబీలు పక్కన చేర్చుకుంటారు. రెండు స్లాట్ల బోర్డయితే ఉన్న రెండూ తీసేసి 16 జీబీవి రెండు కొనాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా మండిపోతున్నాయో చూస్తున్నారుగా, ఇలాంటప్పుడు చేతిలో ఉన్న స్టిక్కులే ఆస్తి.

మీ మరిది సలహాలో తప్పేమీ లేదు, కాకపోతే అది మీ సంచికి సరిపోయే సలహా కాదు. 2022లో వచ్చిన కొత్త సాకెట్ ఏఎం5కు ముందు ముందు కూడా కొత్త ప్రాసెసర్లు వస్తాయి. ఏఎం4 కథ 5000 సిరీస్‌తో ముగిసినట్టే. కానీ ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొనాలి, మీ రెండు స్టిక్కులూ మూలన పడతాయి. రెండు విడతలన్న మాటే ఉండదు. కొత్తగా, ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్లయితే నేనూ ఏఎం5 వైపే చూపించేవాణ్ని.

బీ550కి 8,900 పెట్టాలా? దాని ప్రధానమైన గొప్ప పీసీఐఈ 4.0, అంటే గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ లాంటివి ప్రాసెసర్‌తో మాట్లాడే వేగమైన దారి. కానీ 5600జీ ప్రాసెసర్ పీసీఐఈ 3.0 వరకే ఇస్తుంది. అంటే మీరు వాడుకోలేని దానికి 2,600 ఎక్కువ కడతారు. పైగా అది కూడా 2200జీని జాబితాలో పెట్టుకోలేదు.

ఇంటెల్ సంగతి కూడా ఒక్క మాట. మీ ఆయన వీడియో ఎడిటింగ్ కూడా మొదలుపెడతారని మీరు రాసి ఉంటే ఐ5-12400 పేరు ముందుకు తెచ్చేవాణ్ని, దాని లోపలి గ్రాఫిక్స్ వీడియో పనికి బాగా సాయపడుతుంది. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4 తీసుకునేవి ఉన్నాయి, డీడీఆర్5 తీసుకునేవీ ఉన్నాయి. పేరు ఒకటే, చివర ఒక అక్షరమో అంకెనో తేడా. ఆ దారిలో వెళ్లేవాళ్లు ఆ తేడా చూసుకోకుండా పెట్టె విప్పకూడదు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. మీ ఆల్బమ్ పనికి, మీ రెండు విడతల లెక్కకు ఇదంతా అక్కర్లేదు.

కౌంటర్ దగ్గర చూసుకోవాల్సినవి చెబుతాను. మీ మానిటర్‌కు ఏ కేబుల్ ఉందో చూసుకుని వెళ్లండి. పాత వీజీఏ మానిటర్ అయితే బోర్డు వెనక వీజీఏ ఉండాలి. ప్రాసెసర్ సాకెట్ పక్కన కరెంటును సర్దే భాగాల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోండి. 65 వాట్ల ప్రాసెసర్‌కు అది లేకపోయినా నడుస్తుందని షాపులో అంటారు, ఏసీ గదుల్లో నిజమే. రెంటచింతల పక్కన ఉండే మీకు మే నెల మధ్యాహ్నం గది ఎంత కాలుతుందో వాళ్లకేం తెలుసు? ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకే గుచ్చే చోటు) ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ తీసుకుంటుందా అని అడగండి, రేపు పెద్ద ఎస్‌ఎస్‌డీ వేసుకోవడానికి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే డిస్కుల కేబుళ్లు తగిలించే సాటా పోర్టులు ఒకటి రెండు ఆగిపోతాయి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్, డీవీడీ రైటర్ అన్నీ ఉంటే లెక్క చూసుకోవాలి.

జీఎస్టీ బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు రాయించుకోండి. బోర్డులకు మన దగ్గర మామూలుగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. బిల్లు లేకుండా 500 తగ్గిస్తామంటే వద్దనండి. పెట్టె లేని బోర్డు, పాతది బాగుచేసి కొత్తదన్నట్టు ఇచ్చే బోర్డు అసలే వద్దు. మాచర్లలో నాలుగు స్లాట్ల బీ450 దొరక్కపోతే మీ మరిదికి ఈ పని అప్పగించండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగితే దొరుకుతుంది, ధర కూడా తేలుతుంది.

మొత్తం లెక్క: బోర్డు 6,300, ప్రాసెసర్ 12,500, కలిపి 18,800. మిగిలే 3,200తో 80 ప్లస్ గుర్తున్న మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కొనండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన 2018 నాటి ఎస్‌ఎంపీఎస్‌కు కొత్త బోర్డు తగిలించడం నాకు ఇష్టం లేదు. ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంటే ఎర్తింగ్ లేదనే అర్థం.

ఇప్పుడు ప్రాసెసర్ తీయడం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏడెనిమిదేళ్లుగా మధ్యలో ఉన్న పేస్ట్ గట్టిపడి కూలర్‌ను, ప్రాసెసర్‌ను అతికించేసి ఉంటుంది. కూలర్‌ను నిలువుగా పైకి లాగితే, లివర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. నాకు ఒకసారి అలాగే వచ్చింది, మూడు పిన్నులు వంగిపోయాయి. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ ముక్కును ఒక్కో పిన్నుకు తొడిగి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టడానికి ఒక పూట పట్టింది. మీరు అలా చేయొద్దు. ముందు ఇరవై నిమిషాలు ఫొటోషాప్‌లో పని చేసి ప్రాసెసర్‌ను వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్ తీసి, నాలుగు స్క్రూలూ కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలవి విప్పండి. బోర్డు వెనక ఉండే ప్లేటు ఊడి పడకుండా ఒక చెయ్యి అక్కడ పెట్టాలి, అందుకే పక్కన మీ ఆయన్ను ఉండమనండి. అప్పుడు కూలర్‌ను గడియారం ముల్లులా ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుతూ ఉంటే పేస్ట్ పట్టు వదులుతుంది. వదిలాకే పైకి ఎత్తండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ 2200జీ విండోస్ 11 జాబితాలో లేదు, 5600జీ ఉంది. ప్రాసెసర్ మార్చాక బయోస్‌లో విండోస్ 11 అడిగే రెండు భద్రతా ఏర్పాట్లు, ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని అడగవచ్చు. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోకుండా దానికి ఔనని చెప్పకండి. పాత విండోస్ లైసెన్సు బోర్డుకు కట్టిపడేసిన రకమైతే కొత్త బోర్డుకు రాదు, మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసిన రిటైల్ లైసెన్సయితే వస్తుంది. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కంప్యూటర్‌కు ముడిపెట్టి ఉంటే బోర్డు మార్చకముందే అమ్మినవాళ్లకు ఫోన్ చేసి విడిపించుకోండి. కస్టమర్ల ఫొటోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

ముందు ఆ రబ్బరు పని చేసి చూడండి. స్లాట్ లేచినా లేవకపోయినా, మీ ఏ320 బోర్డు పూర్తి పేరు, రెవిజన్ నంబరు రాసి పంపండి. బయోస్ ఏ వరుసలో ఎక్కించాలో నేను చూసి చెబుతాను.